మ్యూజియం మీ చేతిలో, జ్ఞాపకం మా ఊళ్లలో: కలిసి పని చేద్దామంటే జవాబెందుకు రాదు?

హనుమకొండ నుంచి బహిరంగ లేఖ

ఉత్తర తెలంగాణ జిల్లాల్లో మ్యూజియాలు నడుపుతున్న అధికారులకు, ఆ శాఖల పెద్దలకు, జిల్లా కలెక్టర్లకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. చాలీచాలని సిబ్బందితో, అంతంతమాత్రం బడ్జెట్‌తో మీరు మ్యూజియాలను నెట్టుకొస్తున్నారని మాకు తెలుసు. అందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాం.

మేం వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర మీద, కళల మీద ఆసక్తితో ఒకచోట చేరినవాళ్లం. రిటైరైన టీచర్లు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒకాయన, బొమ్మలు గీసిన బట్ట పటం చూపిస్తూ పటం కథలు చెప్పే ఇళ్ల పిల్లలు, కెమెరా పట్టుకుని ఊళ్లు తిరిగే కుర్రాళ్లు మాలో ఉన్నారు. మా ప్రాంతంలోని ఒక మ్యూజియానికి మేమంతా కలిసి ఒక అర్జీ పెట్టుకున్నాం. అక్కడున్న వస్తువులకు అందరికీ అర్థమయ్యే తెలుగులో లేబుళ్లు రాసిస్తామన్నాం. ఆ వస్తువుల గురించి ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పేది రికార్డు చేసి ఇస్తామన్నాం. నెలకో ఆదివారం మ్యూజియం ఆవరణలో పటం కథో, ఒగ్గు కథో, చిందు యక్షగానమో పెట్టిద్దామన్నాం. తరతరాలుగా ఒక కుటుంబం దగ్గరున్న పాత పటాన్ని మ్యూజియంలో భద్రపరిచేలా ఒప్పందం రాసుకుందామన్నాం. ఒక్క పైసా అడగలేదు.

మొదట "మంచి ఆలోచన" అన్నారు. తర్వాత "పైనుంచి ఆర్డర్ రావాలి" అన్నారు. ఆ తర్వాత అధికారి మారారు, కొత్తగా వచ్చినాయనకు మా కాగితం దొరకలేదు. మళ్లీ ఇచ్చాం. "పరిశీలనలో ఉంది" అని ఒక్క లైను జవాబు వచ్చింది, అంతే.

ఆ మ్యూజియం పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ కుర్చీలో ఇంకొకరున్నా బహుశా ఇదే జరిగేది. బయటివాళ్లతో కలిసి పని చేయడానికి మన మ్యూజియాల్లో ఒక పద్ధతంటూ లేదు. ఉన్నవల్లా రెండే దార్లు: టికెట్ కొని చూసి వెళ్లడం, లేదా వస్తువు ఇచ్చి ఫొటో దిగి వెళ్లడం. మూడో దారి కావాలని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాం. మ్యూజియంతో ఊరు, కాలేజీ, కుల సంఘం, కళాకారుల బృందం, కంపెనీ కలిసి రాతపూర్వకంగా పని చేసే దారి అది. ఆ దారి లేక మామూలు జనానికి జరుగుతున్న నష్టం ఏమిటో కింద రాస్తున్నాం.

1. వస్తువు ఉంది, దాని సంగతి చెప్పేవాళ్లు లేరు

మాతో పాటు మ్యూజియం చూడటానికి వచ్చిన ఒక పెద్దమ్మ ఒక అద్దాల బీరువా దగ్గర ఆగిపోయింది. లోపల ఇనుప మానిక ఉంది. లేబుల్ మీద "ధాన్యం కొలిచే పాత్ర" అని, కింద ఒక నంబరు. ఆమె వంగి, పక్కనుంచి చూసి, "దీని అడుగు లోపలికి గొట్టిన్రు సూడు" అంది. నిజమే, అడుగు భాగం లోపలికి ఉబ్బి ఉంది. ఎదురుగా నిలబడితే కనిపించదు. దొర గడీలో కొలతకు రెండు మానికలుండేవని, రైతు దగ్గర తీసుకునేటప్పుడు ఒకటి, కూలికి గింజలు కొలిచేటప్పుడు ఇంకొకటి బయటికి వచ్చేవని, రెండోదాంట్లో గింజలు తక్కువ పడతాయని ఆమె చెప్పింది. వాళ్లమ్మ ఆ మానికతో కూలి తెచ్చుకున్న మనిషి.

బీరువాలో ఉన్న మానిక గడీలోదేనా, వేరే ఎక్కడైనా నొక్కుకుపోయిందా అన్నది ఇప్పుడు తేల్చడం కష్టం, ఎందుకంటే అది ఏ ఊరి నుంచి, ఎవరింటి నుంచి వచ్చిందో రిజిస్టర్‌లో లేదు. తెచ్చిన రోజున ఇద్దరు ముసలివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే తేలిపోయేది. తెలంగాణ రైతాంగ పోరాటం ఎందుకొచ్చిందో పిల్లలకు చెప్పాలంటే పది పేజీల పాఠం కంటే ఆ అడుగు నొక్కు బాగా చెబుతుంది. కానీ దాన్ని చదివే మనిషి మ్యూజియంలో లేదు. ఆమె ఊళ్లో ఉంది. ఆమె లాంటివాళ్ల వయసిప్పుడు ఎనభై దాటింది. 1947లో పరకాలలో, 1948లో బైరాన్‌పల్లిలో నిజాం బలగాలు, రజాకార్లు జరిపిన కాల్పులను కళ్లారా చూసి ఇప్పటికీ చెప్పగలిగినవాళ్లు ఎంతమంది మిగిలారో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఏటూరునాగారం, తాడ్వాయి, మణుగూరు వైపు కోయల సంగతీ అంతే. డోలి అనే వాయిద్యం మ్యూజియంలోకి వస్తుంది, డోలి వాయించే మనిషి రాడు. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి గొంతులు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని రికార్డు చేయడానికి మ్యూజియం ఒక్కటే ఊరూరా తిరగలేదని ఒప్పుకుంటాం. తిరగడానికి మేమున్నాం, ఆ ఊళ్ల పిల్లలున్నారు, వాళ్ల చేతుల్లో ఫోన్లున్నాయి. కావాల్సిందల్లా రికార్డు చేసింది ఎక్కడ పెట్టాలి, దానికి ఎవరు పూచీ, పాడినవాళ్ల హక్కేమిటి అని చెప్పే ఒక కాగితం.

2. ఆలస్యమైతే పోయేది వస్తువే

పైన చెప్పిన పటం సంగతి. చేర్యాల నకాశీలు గీసే ఆ పటాల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఖాదీ బట్ట మీద చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూత పూసి, ఎర్రటి నేపథ్యం మీద వరుసగా బొమ్మలు గీసి, ఒక్కో ఘట్టం విప్పుతూ కథ చెబుతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వాళ్లు చెబుతారు, ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగల వాళ్లు, రజకులకు మడేలు పురాణం పటం వాళ్లు, మాదిగలకు జాంబ పురాణం డక్కలి వాళ్లు. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలో మిరాశి, అంటే వంశపారంపర్య హక్కు, ఉంటుంది. అంటే ఆ పటం వాళ్లకు బొమ్మా, బతుకుదెరువూ, హక్కు పత్రం, మూడూ. బాగా పాతబడిన పటాన్ని పూజ చేసి నదిలో కలిపే ఆచారం ఉంది. అందుకే పాతవి అంత అరుదు.

మేం చెప్పిన కుటుంబం దాన్ని అమ్మడానికి ఒప్పుకోలేదు. "భద్రంగా పెడతమంటే ఇస్తం, కులపోళ్లు పిలిచినప్పుడు కథకు తెచ్చుకుంటం, మళ్లా పెడతం" అన్నారు. న్యాయమైన మాట. మేం అదే రాసిచ్చాం. జవాబు కోసం ఎదురు చూస్తుండగా వానాకాలం వచ్చింది. రేకుల ఇల్లు కారింది. మడతపెట్టి ట్రంకు పెట్టెలో పెట్టిన పటం మడతల దగ్గర పూత పెళుసుబారి రాలింది. పాత వస్తువులు కొనే బ్రోకర్ వచ్చి, బాగున్న ముక్కలు ఏరుకుని కొనుక్కుపోయాడు. వాటిని విడివిడిగా ఫ్రేములు కట్టి అమ్ముతారట. పెద్దాయన తిట్టాడు, కొడుకు ఆ డబ్బుతో తన కూతురి కాలేజీ ఫీజు కట్టాడు. మేం ఎవరినీ తప్పుపట్టలేకపోయాం.

ఆ పటం మ్యూజియంలోకి వచ్చి ఉంటే మీకు ఒరిగేదేమిటి? ఏ ఊరిది, ఎవరు గీయించారు, ఎవరికి ఏ కథ చెప్పారు, ఎన్ని తరాలు వాడారు అన్న పూర్తి వివరాలతో ఒక వస్తువు ఖర్చు లేకుండా చేరేది. దాన్ని మడతపెట్టకూడదు, చుట్టి పెట్టాలి అని చెప్పగలిగినవాళ్లు, పూత రాలితే మళ్లీ అదే చింతగింజల అంబలితో సరిచేయగలిగినవాళ్లు చేర్యాలలో ఉన్నారు. వాళ్లూ మీ మనుషులయ్యేవారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఆ పని కోసం ఢిల్లీ నుంచి నిపుణులు రావాలని మనం కూర్చుంటున్నాం. నిపుణుల విలువ తగ్గించడం లేదు, వాళ్లు కూడా వచ్చి మొదట అడిగేది ఆ నకాశీనే.

3. పట్టుకెళ్లి తిరిగి ఇవ్వరన్న భయం

ఊళ్లో పునాది తవ్వుతుంటే విగ్రహం దొరికితే, పొలంలో నాణేలు దొరికితే జనం మొదట చేసే పని దాచేయడం. పదో భాగం దురాశ కావచ్చు, మిగతాదంతా టెన్షన్. పోలీసులు వస్తారు, పొలం ఆపేస్తారు, ఇచ్చినందుకు రసీదు కూడా ఇవ్వరు అన్నది ఊళ్ల అనుభవం. దొరికిన నిధి గురించి కలెక్టర్‌కు తెలియజేయాలన్న చట్టం 1878 నాటిది. అందులో దొరికినవాళ్ల వాటా గురించి కూడా ఉందని ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఎవరు చెప్పారు?

నమ్మకం ఉన్నచోట ఏం జరుగుతుందో కోటిలింగాల చూపించింది. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో వానలకు నేల కొట్టుకుపోయినప్పుడల్లా బయటపడే నాణేలను ధర్మపురికి చెందిన ఒక ఔత్సాహికుడు ఊరివాళ్ల దగ్గర ఓపిగ్గా సేకరించారు. అవి పి.వి.పరబ్రహ్మశాస్త్రి లాంటి పండితుడి కంటపడ్డాయి. శాతవాహనుల తొలి రాజు శిముకుడి నాణేలు, అంతకు ముందటి గోబద, నారన, సమగోప లాంటి రాజుల పేర్లు వెలుగులోకి వచ్చాయి. తర్వాత ప్రభుత్వం తవ్వకాలు జరిపింది. తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో ఒక అధ్యాయమే మారింది. ఊరివాడు, ఔత్సాహికుడు, పండితుడు, శాఖ అనే ఈ నాలుగు మెట్లలో ఒక్కటి లేకపోయినా ఆ నాణేలు కరిగించే కొలిమిలోకి పోయేవి. ఇప్పటికీ శాసనాలు, రాతి పనిముట్లు, సమాధి రాళ్లు వెతుకుతూ సెలవు రోజుల్లో గుట్టలెక్కేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు పత్రికల్లో వార్త వేయించుకుని ఊరుకోవాల్సి వస్తోంది. ఆ వార్తను మ్యూజియం రిజిస్టర్‌లోకి ఎక్కించే కిటికీ ఏదీ లేదు.

4. మ్యూజియం అంటే బడి పిల్లల్ని వరుసలో తిప్పే చోటుగా మిగిలింది

వరంగల్ ఊరినే చూడండి. ఇక్కడి మ్యూజియం అనగానే కాకతీయుల రాతి శిల్పాలు. అవి ఉండాల్సిందే. కానీ 1934లో మొదలై ఈ ఊరిని కార్మికుల ఊరుగా మార్చిన ఆజంజాహి బట్టల మిల్లు సంగతో? మిల్లు మూతపడింది, షెడ్లు, యంత్రాలు పోయాయి. మిగిలినవి కార్మికుల ఇళ్లలో ఉన్నాయి. మాలో ఒకరింట్లో హాజరు టోకెన్, యూనియన్ సభలో దిగిన గ్రూప్ ఫొటో ఉన్నాయి. ఆ ఫొటోలో ఎవరెవరున్నారో చెప్పే మనిషి ఇంకా ఉన్నాడు. ఆ పేటల్లో ఒక ఆదివారం టేబుల్ వేసుకుని కూర్చుంటే సంచుల నిండా వస్తువులు వస్తాయి. ఆ వస్తువులు మ్యూజియంలో పెడితే, వాటిని చూడటానికి ఆ కుటుంబాలు మనవళ్లను తీసుకుని వస్తాయి. ఇప్పుడు మ్యూజియం గేటు దాటని మనుషులు వాళ్లు.

అమృత్‌సర్‌లో ఇదే జరిగింది. అక్కడి టౌన్‌హాల్‌లో 2017లో దేశ విభజన మ్యూజియం తెరిచారు. భవనం ప్రభుత్వం ఇచ్చింది, నడిపేది ఒక ట్రస్టు, లోపలున్నవి చాలావరకు శరణార్థుల కుటుంబాలు ఇచ్చిన వస్తువులు. అందులో బాగా పేరొచ్చినవి ఒక పుల్కారీ (పంజాబీ ఎంబ్రాయిడరీ) కోటు, ఒక తోలు పెట్టె. రాజుల వస్తువులు కావు, పారిపోయి వచ్చిన ఒక జంటవి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరంలో తెల్లవాళ్ల ప్రభుత్వం ఖాళీ చేయించి కూలగొట్టిన పేట పేరుతో, డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం అని, 1994లో ఒకటి మొదలైంది. దాని నేల మీద ఆ పేట వీధుల పటం పరిచి ఉంటుంది. ఒకప్పుడు అక్కడ ఉన్నవాళ్లు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో ఆ పటం మీద రాశారు.

గిరిజన మ్యూజియాల విషయంలో ఇంకో మాట. భోపాల్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయలో ఆరుబయట ఉన్న గిరిజన ఇళ్లను కాంట్రాక్టర్ కట్టలేదు. ఆయా తెగలవాళ్లే వచ్చి తమ మట్టితో, తమ కలపతో కట్టుకున్నారు. గోండు ఇల్లు ఎలా ఉంటుందో గోండు చేయి చెబితేనే తెలుస్తుంది. మన దగ్గర సిమెంటు బొమ్మలకు రంగులేసి "గిరిజన జీవనం" అని బోర్డు పెట్టిన చోట్లు చూసి ఆ గూడేల పిల్లలు నవ్వుకోవడం మేం చూశాం.

5. డబ్బు లేదంటారు, వచ్చే డబ్బును అడగరు

ముంబైలో 19వ శతాబ్దం నాటి భావూ దాజీ లాడ్ మ్యూజియం పాడుబడిపోయింది. 2003లో అక్కడి నగరపాలక సంస్థ, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ, ఒక పారిశ్రామిక కుటుంబానికి చెందిన ఫౌండేషన్ ముగ్గురూ ఒప్పందం రాసుకున్నారు. ఆస్తి కార్పొరేషన్‌దే, నిపుణులు ఇంటాక్ నుంచి, డబ్బులో వాటా ఫౌండేషన్‌ది. 2005లో ఆ పునరుద్ధరణకు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది, 2008లో మ్యూజియం మళ్లీ తెరిచారు. మన దగ్గర కంపెనీల చట్టం 2013 ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాల్సిన కంపెనీలు ఉన్నాయి. వారసత్వం, కళలు, సంప్రదాయ చేతివృత్తులు, గ్రంథాలయాలు ఆ చట్టం జాబితాలో ఉన్నాయి. సింగరేణి ఉంది, ఎన్టీపీసీ ఉంది. వాళ్ల దగ్గరికి మ్యూజియం ఒక్కటే వెళ్తే ఇంకో అర్జీ అవుతుంది. ఊరు, యూనివర్సిటీ, కళాకారులు కలిసి లెక్కలతో వెళ్తే అది ప్రాజెక్టు అవుతుంది.

మనుషుల సంగతి కూడా ఇంతే. కాకతీయ యూనివర్సిటీ, నిట్ మన ఊళ్లోనే ఉన్నాయి. చరిత్ర పీజీ పిల్లలకు వస్తువుల జాబితా రాయడం కంటే మంచి ప్రాక్టికల్ ఏముంది? స్టోర్‌రూమ్‌లో తేమ ఎంత, వేడి ఎంత అని చూసుకునే చిన్న పరికరాలు చేసిపెట్టడం ఇంజినీరింగ్ పిల్లలకు పెద్ద పని కాదు. మీరు ఒక ఉత్తరం రాయాలి.

ఇలా కలిసి పని చేయడం మనకు తెలియని విద్య కూడా కాదు. 2021 జులై 25న రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందంటే కేంద్ర పురావస్తు శాఖ, రాష్ట్ర ప్రభుత్వంతో పాటు కాకతీయ హెరిటేజ్ ట్రస్టు లాంటి ఇక్కడి సంస్థ ఏళ్ల తరబడి పత్రాలు పోగుచేసి పట్టు వదలకుండా తిరిగింది కాబట్టి. అంతకు ముందు నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గుడి శిల్పాలను చూసి పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఇంకా వెనక్కి వెళ్తే, నిజాం కాలంలో తెలుగు చదువుకు దిక్కులేని రోజుల్లో 1904లో హనుమకొండ జనం చందాలేసుకుని శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. ఈ ఊరు అడగకముందే ముందుకొచ్చే ఊరు.

మీ వైపు ఇబ్బందులు కూడా మాకు తెలుసు. ఊరివాళ్లను పిలిస్తే రెండు కులాల మధ్య ఎవరి కథ నిజమన్న తగువు రావచ్చు. లోకల్ లీడర్ వచ్చి ఫ్లెక్సీ కట్టొచ్చు. వస్తువు పోతే సమాధానం చెప్పాల్సింది మీరే, మేం కాదు. ఈ భయాలు అబద్ధం కావు. అందుకే నోటిమాట వద్దు, ఒప్పందం కావాలంటున్నాం. రెండు కథలుంటే రెండూ లేబుల్ మీద రాయండి, ఎవరు ఏం చెబుతున్నారో పేరుతో సహా. మూడో కథ తెచ్చేవాళ్లకూ చోటుంటుంది. ఒకటి మాత్రం చెప్పాలి. కంపెనీ లోగో గోడకెక్కించి, రిబ్బన్ కత్తిరించి, మర్నాడు మర్చిపోయే ఒప్పందాలను భాగస్వామ్యం అనొద్దు. అలాంటివి ఇప్పటికే చాలా చూశాం.

ప్రపంచ మ్యూజియాల సంఘం ఐకామ్ 2022 ఆగస్టులో ప్రాగ్ నగరంలో మ్యూజియం నిర్వచనాన్ని మార్చుకుంది. సముదాయాల భాగస్వామ్యంతో పని చేసేదే మ్యూజియం అన్న మాట అందులో కొత్తగా చేరింది. మేం అడుగుతున్నది కొత్త సంగతి కాదని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాం.

మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి జిల్లా మ్యూజియం స్థానిక బృందాలు, కళాకారులు, విద్యాసంస్థలతో చేసుకునే ఒప్పందానికి ఒక నమూనా పత్రం తయారు చేసి తెలుగులో బయటపెట్టాలి. ఎవరు ఏం చేస్తారు, ఎంత కాలం, నచ్చకపోతే ఎలా విడిపోవాలి అన్నవి అందులో ఉండాలి. దరఖాస్తుకు అవుననో కాదనో నిర్ణీత గడువులో రాతపూర్వక జవాబు ఇవ్వాలి. కాదంటే కారణం రాయాలి.

2. వస్తువు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఫొటోతో రసీదు ఇవ్వాలి. దానం వేరు, భద్రపరచడానికి ఇవ్వడం వేరు అని రెండు రకాలుగా రాయాలి. రెండో రకంలో పూజకో, జాతరకో, కథకో తీసుకెళ్లి తిరిగి తెచ్చే హక్కు ఇచ్చినవాళ్లకు ఉండాలి. కోయల పడిగె (వాళ్ల పవిత్ర జెండా) జాతర రోజు గద్దె దగ్గర ఉండాలి, బీరువాలో కాదు. ఇది జరగని పనేం కాదు. కెనడాలో కాల్గరీ నగరంలోని గ్లెన్‌బో మ్యూజియం 1990లలో బ్లాక్‌ఫుట్ తెగకు వాళ్ల పవిత్ర వస్తువులను క్రతువుల కోసం అప్పుగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2000లో అక్కడి రాష్ట్రం చట్టం చేసి వాటిని వాళ్లకే అప్పగించింది. ఆ తెగ మ్యూజియంతో తెగతెంపులు చేసుకోలేదు. ఆ తర్వాత తమ చరిత్ర గ్యాలరీని మ్యూజియంతో కలిసి తామే తయారు చేసింది.

3. సలహా కమిటీలో సగం మంది అధికారులు కానివాళ్లు, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చేతివృత్తులవాళ్లకు, గిరిజనులకు, కథ చెప్పే కులాలవాళ్లకు చోటుండాలి. మీటింగ్‌లో ఏం తేల్చారో మ్యూజియం నోటీసు బోర్డు మీద పెట్టాలి.

4. పిలిచిన కళాకారుడికి శాలువా కప్పి పంపడం ఆపి, ఆ రోజు కూలి, దారి ఖర్చు, పారితోషికం ఇవ్వాలి. వాళ్ల పాట, మాట, ఫొటో వాడుకుంటే అనుమతి రాయించుకోవాలి, పేరు వేయాలి. ఈ ఒక్క దాంట్లో మేం తగ్గం. ఉచిత సేవ అన్నది పెన్షన్ వచ్చే మాలాంటి టీచర్లు చేయాలి, డక్కలి కుటుంబం కాదు.

5. లేబుళ్లన్నీ తెలుగులో, కంటికి ఆనేంత అక్షరాలతో ఉండాలి. వస్తువు ఏ ఊరిదో, తెలిస్తే ఎవరు చేశారో రాయాలి. కోయ, గోండి వస్తువుల దగ్గర ఆ భాషలో వినిపించే రికార్డింగ్ పెట్టాలి.

6. ఏడాదికి ఒకసారైనా మ్యూజియం తానే ఊళ్లకు రావాలి. ముందుగా ఆజంజాహి మిల్లు కార్మికుల పేటలతో, తర్వాత పరకాల, బైరాన్‌పల్లిలతో మొదలుపెట్టమని మా సూచన. వచ్చినవాళ్లు తెచ్చిన వస్తువును తీసుకోనక్కర్లేదు. ఫొటో తీసి, వివరం రాసుకుని తిరిగి ఇచ్చేసినా చాలు.

7. దొరికిన నాణేలు, విగ్రహాలు, శాసనాల గురించి జనం భయం లేకుండా చెప్పుకోవడానికి ప్రతి మండలంలో ఒక మనిషిని పెట్టాలి. ఉద్యోగం ఇవ్వమనడం లేదు, బాధ్యత, గుర్తింపు కార్డు, ఫోన్ రీచార్జి ఇవ్వండి.

ఈ ఏడింటిలో మొదటి రెండింటికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అవి వచ్చే మే 18లోగా, అంటే అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం నాటికి అమల్లోకి రావాలని అడుగుతున్నాం. ఆ రోజు ఎలాగూ మ్యూజియాల్లో సభలు పెడతారు. ఆ సభలో ఈ సర్క్యులర్ చదవండి. అప్పటికీ ఏమీ తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద ప్రతి మ్యూజియానికి వచ్చిన దరఖాస్తులెన్ని, జవాబిచ్చినవెన్ని అని అడుగుతాం, వచ్చిన వివరాలు పత్రికలకు ఇస్తాం.

మాట్లాడదామని మీరు పిలిస్తే తప్పకుండా వస్తాం. ఆదివారం అయితే మేలు. మిగతా రోజుల్లో వస్తే మాలో నేతపని, కూలిపని చేసేవాళ్లకు ఆ రోజు సంపాదన పోతుంది.

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, జనగామ, ములుగు జిల్లాల చరిత్ర, కళాభిమానులు